వెండి రేకులపై బ్రిటిష్ పాత నోట్లు: సేకరించే పద్ధతి

చరిత్రలో నిలిచిన బ్రిటిష్ కరెన్సీ నోట్లకు వెండిలో చేసిన ప్రతిరూపాలను సేకరించదలచినవారు ముందుగా అసలు నోటును క్షుణ్ణంగా చూసి ఉండాలి. అసలు తెలియనివారికి ప్రతిరూపంలోని పనితనం గానీ, లోపం గానీ కంటబడదు. ఉదాహరణకు 1793లో తొలిసారి వెలువడి, 1961లో చెలామణీ కోల్పోయిన అయిదు పౌండ్ల తెల్లనోటును ఒకవైపే, నల్లసిరాతో అచ్చువేసేవారు. కనుక దాని వెండి రూపంలో వెనుకవైపు కనిపించే బొమ్మ తయారీదారు కల్పించినదే. 1914లో ప్రపంచయుద్ధం మొదలవగానే బ్రిటిష్ ఖజానా విడుదల చేసిన, ఖజానా కార్యదర్శి జాన్ బ్రాడ్‌బరీ సంతకం గల నోట్లు, 1960లో ఎలిజబెత్ రాణి చిత్రంతో వచ్చిన పౌండు నోటు, 1978 నాటి న్యూటన్ పౌండు నోటు కూడా చక్కని ప్రారంభాలే. వీటిలో ఒక కాలాన్ని ఎంచుకుని దానికే కట్టుబడితే సేకరణకు ఒక రూపు వస్తుంది.

ఇక అసలైన పరీక్ష లోహానిది. స్టెర్లింగ్ వెండి అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగిలినది సాధారణంగా రాగి. బ్రిటన్‌లో 7.78 గ్రాములు మించిన వస్తువును వెండిగా అమ్మాలంటే హాల్‌మార్క్ తప్పనిసరి కాబట్టి, అంచున గానీ వెనుక గానీ భూతద్దంతో వెదకాలి: తయారీదారు ముద్ర, 925 అంకె, లోహపు స్వచ్ఛతను తేల్చే పరీక్షా కార్యాలయం గుర్తు ఉండాలి. లండన్‌కు చిరుతపులి తల, బర్మింగ్‌హామ్‌కు లంగరు, షెఫీల్డ్‌కు గులాబీ, ఎడిన్‌బరోకు కోట గుర్తులు. 1999కు ముందు ఇంగ్లండ్‌లో ముద్రవేసిన ముక్కలపై 925 అంకెకు బదులు నడిచే సింహం ఉంటుంది; తర్వాతి వాటిపైనా అది చాలాసార్లు కనిపిస్తుంది. ముద్ర లేకుండా కేవలం ‘సిల్వర్’ అని రాసిన పెట్టెను నమ్మడం తగదు, ఎందుకంటే పలుచని వెండి పూత వేసిన ఇత్తడి కూడా కొత్తగా ఉన్నప్పుడు అంతే మెరుస్తుంది.

అనుమానం తీరకపోతే హైదరాబాద్‌లో గుల్జార్ హౌజ్ దగ్గరి వెండి వ్యాపారుల వద్ద పరీక్షింపజేయవచ్చు, లేదా ఇంట్లోనే ఎలక్ట్రానిక్ కాటాపై నీళ్ల గిన్నె పెట్టి, అంకెను సున్నా చేసి, వస్తువును దారంతో అడుగుకు తగలకుండా పూర్తిగా ముంచాలి. 31 గ్రాముల స్టెర్లింగ్ ముక్కకు కాటా సుమారు 3 గ్రాములు చూపుతుంది. రాగి అయితే దాదాపు మూడున్నర గ్రాములు చూపుతుంది. అయితే గాలి బుడగలు అంటుకోకుండా జాగ్రత్తపడాలి.

ధర విషయంలో, బరువును బట్టి కొనే రోజు వెండి విలువ కట్టి, దానిపైన పనితనానికి ఎంత ఇస్తారో ముందే నిర్ణయించుకోవాలి. విదేశం నుంచి తెప్పిస్తే తపాలా ఖర్చు, కస్టమ్స్ సుంకం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ‘పరిమిత సంచిక’ అన్న మాట ఒక్కదానికే అధిక ధర చెల్లించవద్దని నా గట్టి సలహా.

గాలిలోని గంధక సమ్మేళనాల వల్ల వెండి నల్లబడుతుంది, హైదరాబాద్ వానాకాలపు తేమ దానిని వేగిరపరుస్తుంది. పీవీసీ కవర్లు వాడకుండా పాలిస్టర్ కవర్లలో, సిలికా జెల్ పొట్లంతో గట్టిమూత పెట్టెలో ఉంచి, అంచులనే పట్టుకోవాలి. పూజాసామగ్రిని తోమినట్లు విభూతితోనో చింతపండుతోనో రుద్దితే సన్నని గీతలు అరిగిపోతాయి.