ఇంటర్ తర్వాత వాక్కు, వినికిడి శాస్త్రాల డిగ్రీ చదవడం ఎలా?

మాట రాని పసివాడిని చంకన వేసుకుని నెల్లూరు, ఒంగోలు స్టేషన్లలో చెన్నై బండి కోసం ఎదురుచూసే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. ఆ పిల్లలకు సొంత ఊరి దగ్గరే, సొంత భాషలో సాయం అందాలంటే ఇక్కడివాళ్లే ఈ చదువు చదవాలి. డిగ్రీ పేరు బీఏఎస్‌ఎల్‌పీ. అంటే బ్యాచిలర్ ఇన్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ. మూడేళ్లు చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్.

దరఖాస్తుకు ముందు పని ఎలా ఉంటుందో చూడండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే దగ్గరలోని భవిత కేంద్రంలోనో, స్పీచ్ థెరపిస్టు దగ్గరో అనుమతి అడిగి ఒక పూట కూర్చోండి. ఒక్క ‘ప’ పలికించడానికి పిల్లవాడిని అద్దం ముందు కూర్చోబెట్టి, పెదాలు కలిపి విడదీసి చూపిస్తూ, అదే ఆటను మళ్లీ మళ్లీ ఆడిస్తారు. ఆ ఓపిక మీకుందో లేదో అక్కడే తేలుతుంది. ర్యాంకుల లెక్కలు ఆ తర్వాతే.

ఇంటర్‌లో భౌతిక, రసాయన శాస్త్రాలు తప్పనిసరి. బైపీసీ వాళ్లే కాదు, ఎంపీసీ వాళ్లూ చేరవచ్చు. ప్రవేశాల పద్ధతి సంస్థను బట్టి మారుతుంది కాబట్టి ఆ ఏడాది ప్రకటన చదవండి.

కళాశాల ఎంపికలో మొదట చూడాల్సింది భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తింపు. అది లేనిచోట ఎంత మంచి భవనం ఉన్నా చేరవద్దు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965 నుంచి ఉంది. సికింద్రాబాద్‌లో వాక్కు, వినికిడి లోపాల జాతీయ సంస్థ అయిన అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చేరుకోవచ్చు.

చేరాక ధ్వని భౌతికశాస్త్రాన్ని నిర్లక్ష్యం చేయకండి. ఆడియోగ్రాం, అంటే వినికిడి పరీక్ష ఫలితాన్ని చూపే గ్రాఫు, చదవడం దాని మీదే ఆధారపడుతుంది. అడ్డంగా 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు పౌనఃపున్యాలు, నిలువుగా డెసిబెళ్లు. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలి ఇంటూ గుర్తులు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో ఏళ్ల తరబడి డ్రిల్లింగ్ చేసినవారికి చెవి దెబ్బతింటే, తరచూ 4000 హెర్ట్జ్ దగ్గర గీత గుంటలా దిగుతుంది. అలాంటివారు మామూలు మాటలు వింటున్నట్టే ఉంటారు; సందడిలో మాత్రం మాట తెలియదు. అందుకే ‘వినపడుతోందా?’ అని అడిగి ఊరుకోకుండా పరీక్ష చేయాలి.

పాఠాలు ఇంగ్లీషులో ఉన్నా సాధన తెలుగులో చేయండి. ‘కల, కళ’, ‘తాత, దాదా’ వంటి జంటలను ఒక పుస్తకంలో రాసుకుంటూ, నాలుక ఎక్కడ తగులుతోందో, గొంతు ఎప్పుడు కంపిస్తోందో గమనించండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఏ వయసులో ఏ ధ్వని పలుకుతున్నారో తేదీతో రాయండి. చాలామందికి ‘ర’ ఆలస్యంగా వస్తుంది. ఇంకొకటి గట్టిగా చెబుతాను: నెల్లూరు యాస లోపం కాదు. దాన్ని సరిదిద్దబోయే చికిత్సకుడు పిల్లవాడికి, ఇంటికి మధ్య దూరం పెంచుతాడు.

ఇంటర్న్‌షిప్‌లో వృద్ధులు, పక్షవాతంతో మాట పోయినవారు ఉండే ఆసుపత్రి పోస్టింగ్ అడిగి వేయించుకోండి. పిల్లలతోనే సరిపెట్టుకుంటే సగం విద్య మిగిలిపోతుంది. అది పూర్తవగానే పునరావాస మండలి కేంద్ర రిజిస్టర్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 1992 నాటి చట్టం ప్రకారం ఆ నమోదు లేకుండా వృత్తి చేయకూడదు. అందువల్ల మార్కుల జాబితాలు, ఇంటర్న్‌షిప్ ధ్రువపత్రం మొదటినుంచీ ఒకే ఫైలులో భద్రంగా ఉంచుకోండి.