రెక్క డిస్కులు మాయమవకుండా ఎలా ఆపాను

బెంగళూరులో పీహెచ్‌డీలో చేరిన కొత్తలో పండు ఈగ లార్వాల (పిల్లపురుగుల) నుంచి రెక్క డిస్కులు, అంటే ఈగ పెద్దయ్యాక రెక్కలయ్యే చిన్న కణజాలపు సంచులు, తీయడం నాకు పెద్ద గండంగా ఉండేది. లార్వాకు రెండు చొప్పున, 20 లార్వాలకు 40 రావాలి. స్లైడు మీదికి చేరేవి ఆరో ఏడో. ఒక్కోటి విడిగా తీసి పైపెట్‌తో ట్యూబులో వేసేదాన్ని. అవేమో టిప్పు లోపలి గోడకే అతుక్కుపోయేవి. ఏడుపొచ్చేది.

ల్యాబులో సీనియర్, కర్నూలు అక్క, ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుంది. "విడదీయకమ్మా, చివరిదాకా ఒంటికే ఉండనీ" అంది.

సీసా గోడ ఎక్కి తిరిగే మూడో దశ లార్వాను చల్లటి పీబీఎస్ (ఉప్పు కలిసిన బఫర్ ద్రావణం) చుక్కలో సగానికి కోయాలి. తల ముక్కను నోటి కొక్కేల దగ్గర ఫోర్సెప్స్‌తో పట్టి, దిండు గలీబులా తిరగేయాలి. కొవ్వు, పేగు మెల్లగా తీసేస్తే శ్వాసనాళాన్ని అంటుకుని, నీటిబొట్టులా డిస్కు కనిపిస్తుంది. ఎంత ముద్దుగా ఉంటుందో!

ఆ తొక్కతోనే, కణజాలం చెడకుండా నిలబెట్టే 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 20 నిమిషాలు. తర్వాత కడగడం, ప్రోటీన్లను గుర్తించే యాంటీబాడీలు పట్టించడం అన్నీ అలాగే. విడదీసేది ఆఖర్న, స్లైడు మీద గ్లిసరాల్ చుక్కలోనే. టిప్పు వాడక తప్పకపోతే డిస్కులు అతుక్కోకుండా ముందు ట్రైటాన్ అనే డిటర్జెంట్ కలిపిన పీబీఎస్‌ను పీల్చి వదులుతాను. మొన్న 20 లార్వాలకు 36 దక్కాయి.