వెనక గేర్ మొరాయిస్తే ముందు వైరు, చివర్లో స్క్రూలు

గేర్ సైకిల్లో చైన్ ఒక పళ్లచక్రం మీద నుంచి ఇంకోదాని మీదికి సరిగ్గా ఎక్కకపోతే చాలామంది చేసే మొదటి పని స్టార్ స్క్రూడ్రైవర్ తీసుకుని వెనక గేర్ (చైన్‌ను పళ్లచక్రాల మీద పక్కకి జరిపే భాగం) మీదున్న రెండు చిన్న స్క్రూలు తిప్పడం. నిన్నటిదాకా బాగా నడిచిన గేర్ ఇవాళ మొరాయిస్తే తప్పు ఆ స్క్రూలది కాదు. అవి వాటంతట అవి కదలడం చాలా అరుదు. కదిలేవి వేరే ఉన్నాయి: వైరు సాగుతుంది, తుప్పు పడుతుంది, హ్యాంగర్ (వెనక గేర్‌ను ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) వంగుతుంది, చక్రం పక్కకి జరుగుతుంది.

సైకిల్ వెనక నిలబడి చూడండి. గేర్‌కి కింద వేలాడే రెండు చిన్న పళ్లచక్రాలూ, వాటి పైనున్న ఫ్రీవీల్ (వెనక చక్రానికి ఉండే పళ్లచక్రాల గుత్తి) పళ్లూ ఒకే వరసలో నిలువుగా ఉండాలి. కింది భాగం స్పోకుల వైపు వంగి ఉంటే హ్యాంగర్ వంగినట్టే. సైకిల్ కుడివైపు పడినా, బస్సు టాపు మీద కుడివైపు కిందికి పెట్టి కట్టినా ఇదే జరుగుతుంది. కావలి నుంచో కందుకూరు నుంచో సైకిల్‌ను బస్సులో పంపించాల్సి వస్తే గేర్ వైపు పైకి ఉండేలా పడుకోబెట్టించండి. వంగిన హ్యాంగర్‌తో వైరు ఎంత తిప్పినా రెండు మూడు గేర్లు కుదురుతాయి, మిగతావి కుదరవు. ఇనుప హ్యాంగర్ అయితే మెల్లగా సరిచేయొచ్చు. అల్యూమినియందైతే మాటిమాటికీ వంచితే విరుగుతుంది, మార్చడమే మేలు. ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారం ఉంటుంది, కాబట్టి కొనేటప్పుడు పాతది చేతిలో ఉండాలి.

తక్కువ ధర సైకిళ్లలో హ్యాంగర్ ఫ్రేములో భాగం కాదు, వెనక ఇరుసు నట్టు కింద బిగించే ఇనుప ముక్క. పంచర్ వేయించిన మర్నాడే గేర్ పాడైందంటే కారణం దాదాపు ఇక్కడే ఉంటుంది: చక్రం తిరిగి బిగించేటప్పుడు ఇరుసు గాడిలో పూర్తిగా కూర్చోదు, లేదా ఆ ముక్క కాస్త తిరిగిపోతుంది. నట్టు వదులు చేసి, చక్రాన్ని గాడి చివరిదాకా నెట్టి, రిమ్ము రెండు పక్కలా సమానంగా ఉందో చూసి బిగించండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

ఇక వైరు. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలిలో తిరిగే సైకిళ్లకి, ఇసకపల్లి ఉప్పు మళ్ల పక్కన ఉండే వాటికి అసలు శత్రువు వైరుకి పట్టే తుప్పే. అక్టోబరు, నవంబరు వానల తర్వాత ఇంకా ఎక్కువ. గేర్ వెనక వంపు తిరిగే ఆ చిన్న ఔటర్ (తీగ మీది తొడుగు) ముక్కలో నీళ్లు నిలిచి లోపలి తీగ తుప్పు పడుతుంది. గుర్తు ఏమిటంటే, పెద్ద పళ్లచక్రానికి చైన్ బాగానే ఎక్కుతుంది, చిన్నదానికి దిగడానికి బద్ధకిస్తుంది. ఎక్కించేటప్పుడు వైరును మీరు లాగుతారు. దించేటప్పుడు గేర్‌లోని స్ప్రింగే లాక్కోవాలి, దానికి అంత బలం లేదు.

వైరు విప్పకుండానే శుభ్రం చేసే ఉపాయం ఉంది. పెడల్ తిప్పుతూ చైన్‌ను లోపలి పెద్ద పళ్లచక్రం మీదికి తెండి. పెడల్ ఆపి, చక్రం కదలకుండా షిఫ్టర్‌ను (హ్యాండిల్ మీద గేర్ మార్చేది) 7 దాకా, అంటే ఏడు గేర్ల సైకిల్లో అన్నిటికన్నా చిన్న పళ్లచక్రం అంకె దాకా, తిప్పేయండి. వైరు వదులై వేలాడుతుంది. ఫ్రేము మీద ఔటర్ చివరలు ఆనే ఆనికలకి చీలిక ఉంటే ఔటర్ ముక్కలు వాటిలోంచి ఊడి వస్తాయి. ఔటర్‌ను పక్కకి జరిపి, బయటపడిన తీగను గుడ్డతో తుడిచి రెండు చుక్కల కుట్టు మిషన్ నూనె వేయండి. కొబ్బరినూనె వద్దు, జిగురు కట్టి దుమ్ము పట్టుకుంటుంది. చీమకుర్తి రోడ్ల మీద గ్రానైట్ పొడి కూడా తోడైతే గీకుడు కాగితంలా పనిచేస్తుంది. తీగలో ఒక్క పోగు తెగినా, ఔటర్ లోపల తుప్పు రంగు నీళ్లు కనిపించినా రెండూ మార్చండి. కావాల్సింది 1.2 మి.మీ. తీగ, 4 మి.మీ. గేర్ ఔటర్. బ్రేకు ఔటర్ వేస్తే నొక్కుకుపోయి సెట్టింగ్ నిలవదు.

కొత్త వైరు బిగించేటప్పుడు చైన్ చిన్న పళ్లచక్రం మీద, షిఫ్టర్ 7లో ఉండాలి. బ్యారెల్‌ను (వైరు గేర్‌లోకి వెళ్లే చోట చేత్తో తిప్పే చిన్న మర) పూర్తిగా లోపలికి తిప్పి, ఒక చుట్టు వెనక్కి తీయండి. తీగను చేత్తో లాగి పట్టుకుని, గాడిలో కూర్చోబెట్టి బోల్టు బిగించండి.

ఇప్పుడు 7 నుంచి 6కి మార్చి చూడండి. చైన్ ఎక్కకపోతే, ఎక్కడానికి ఆలస్యమైతే వైరు వదులు: సైకిల్ వెనక నుంచి చూస్తూ బ్యారెల్‌ను ఎడమకి, అంటే గడియారానికి ఎదురు దిశలో, పావు చుట్టు తిప్పండి. ఒకేసారి రెండు పళ్లచక్రాలు దాటినా, 6లో ఉండగా పక్కనున్న పెద్దదానికి రాసుకుని గరగరమన్నా వైరు బిగువు ఎక్కువైంది: కుడికి పావు చుట్టు. పావు తిప్పడం, నాలుగు గేర్లు మార్చి చూడడం. ఒకేసారి రెండు చుట్లు తిప్పితే ఎక్కడున్నామో మనకే తెలియదు.

స్క్రూల దగ్గరికి వెళ్లాల్సింది చైన్ ఫ్రేముకీ చిన్న పళ్లకీ మధ్య పడుతుంటే, లేదా స్పోకుల్లోకి పడుతుంటే మాత్రమే. ‘హెచ్’ అని రాసినది చిన్న పళ్లచక్రం వైపు హద్దు, ‘ఎల్’ పెద్దదాని వైపు హద్దు. రెండూ కుడికి తిప్పితే హద్దు దగ్గరవుతుంది. చైన్ స్పోకుల్లో పడితే గేర్ విరిగి చక్రం బిగుసుకుపోతుంది, కాబట్టి ఎల్ సరిచూడకుండా రోడ్డెక్కకండి: చైన్ పెద్దదాని మీద ఉండగా గేర్‌ను వేలితో లోపలికి నెట్టినా దానికి మించి కదలకూడదు. పై చిన్న చక్రానికీ ఆ పెద్ద పళ్లకీ మధ్య 5-6 మి.మీ. సందు ఉండాలి. అది సరిచేసేది వెనకనున్న మూడో స్క్రూ.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా గట్టిగా తొక్కినప్పుడు చైన్ ఎగిరిపడుతుంటే అది సెట్టింగ్ సమస్య కాదు, అరుగుదల. స్టీలు స్కేలు పెట్టి ఒక పిన్ను మధ్య నుంచి కొలవండి, దాని తర్వాత వచ్చే 24వ పిన్ను మధ్య సరిగ్గా 12 అంగుళాల దగ్గర రావాలి. అంగుళంలో 16వ వంతు దాటితే చైన్ మార్చే సమయం వచ్చింది. 8వ వంతు దాటిందంటే ఫ్రీవీల్ కూడా మార్చాల్సిందే, పాత పళ్ల మీద కొత్త చైన్ నిలవదు. ఫ్రీవీల్‌ను రిమూవర్ (దాన్ని విప్పే ప్రత్యేక పనిముట్టు) ఉన్న షాపులోనే విప్పించండి. ఉలి, సుత్తి తీస్తే చక్రం వెనక్కి తెచ్చేసుకోండి.