హారర్ సినిమాకి లీడ్‌ని వెతుకుతున్నారా? ముందు అరవమని అడగకండి

మా విజయనగరంలో ఫోన్‌తోనో, అద్దెకి తెచ్చిన కెమెరాతోనో షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది మొదట పట్టుకునేది దెయ్యం కథే. పాత ఇల్లు దొరికితే సగం పని అయిపోయిందనుకుంటారు. లైటింగ్ కోసం, సౌండ్ కోసం నానా తిప్పలూ పడతారు గానీ, లీడ్, అంటే ప్రధాన పాత్ర దగ్గరికొచ్చేసరికి ఆడిషన్‌కి వచ్చిన అమ్మాయిని అడిగేది ఒక్కటే: "ఏదీ, ఒకసారి గట్టిగా అరువమ్మా."

అరవడం ఎవరికైనా వస్తుంది. అరుపుకి ముందు పది సెకన్లు ఉంటాయి చూడండి, ఏదో తేడాగా ఉందని మనసుకి తెలిసి, కాదులే అని సర్దిచెప్పుకునే ఆ పది సెకన్లు, అవి చేసేవాళ్లు కావాలి మనకి. 2017లో వచ్చిన హాలీవుడ్ హారర్ సినిమా 'గెటౌట్'లో డేనియల్ కలూయా కుర్చీలోంచి కదల్లేడు, కళ్లు విప్పార్చి చూస్తుంటాడు, నీళ్లు జారిపోతుంటాయి, మనకి చెమటలు పడతాయి. ఆ పాత్రకి అతనికి ఉత్తమ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

అందుకే ఆడిషన్‌లో డైలాగ్ ఇవ్వకండి, పని ఇవ్వండి. మేం ఒక చీర ఇచ్చి మడతపెట్టమన్నాం. వెనక గదిలో ఏదో ఒక శబ్దం వస్తుందని ముందే చెప్పాం, ఎప్పుడొస్తుందో చెప్పలేదు. వచ్చినవాళ్లలో చాలామంది స్టీలు గ్లాసు పడగానే చీర వదిలేసి గుండె మీద చెయ్యేసుకున్నారు. ఒకావిడ మాత్రం మడత మధ్యలో బొటనవేలు అలాగే ఉంచేసింది, తల తిప్పలేదు, ఊపిరి బిగబట్టి వింది, కాసేపటికి ఆ మడతే మళ్లీ మొదట్నించి వేసింది. అప్పుడు మెల్లగా "ఎవులు?" అంది. స్క్రిప్టులో "ఎవరక్కడ?" అని ఉంది, ఆ మాట అక్కడే కొట్టేశాం. భయమేసినప్పుడు మనిషికి ఇంటి మాటే వస్తుంది, కాబట్టి మన శ్రీకాకుళం, విజయనగరం మాటని దిద్దకండి.

రెండోది, భయం కన్నా ముందు బంధం నమ్మించగలరా అని చూడండి. 'హెరెడిటరీ' (2018)లో టోనీ కొలెట్ భోజనాల బల్ల దగ్గర కొడుకు మీద విరుచుకుపడే సీన్లో దెయ్యమే లేదు, ఒక తల్లి దుఃఖం ఉంది, అంతే. మన 'మసూద' (2022)లోనూ సంగీతని అమ్మగా నమ్మాం కాబట్టే కూతురికి ఏమవుతుందోనని టెన్షన్ పడ్డాం. పక్కింటి కుర్రాడిగా తిరువీర్ తనే భయపడుతూ సాయానికి వస్తాడు, ఆ బెరుకే ఆ పాత్రకి ప్రాణం. కండలు తిరిగిన హీరోని పెట్టి ఉంటే మనం నిశ్చింతగా కూర్చునేవాళ్లం.

అలవాటైన ముఖాన్ని అలవాటు లేని చోట పెట్టడం కూడా బాగా పనిచేస్తుంది. కామెడీ పాత్రలతో మనకి దగ్గరైన సత్యం రాజేష్ 'మా ఊరి పొలిమేర' (2021)లో ఎలా భయపెట్టాడో చూశారుగా. మీ ఊళ్లో అందర్నీ నవ్వించే మనిషి ఉంటే ఒకసారి పిలిచి చూడండి.

ఇక్కడ నాటకాలాడేవాళ్లకి కొదవ లేదు, నాకు వాళ్లంటే గౌరవం, నా సినిమాల్లో సగం పాత్రలు వాళ్లే వేశారు. కాకపోతే చివరి వరసకి వినబడేలా మాట్లాడటం వాళ్లకి అలవాటు. "తగ్గించండి" అంటే గొంతు తగ్గిస్తారు, ముఖం తగ్గదు. దానికి బదులు కెమెరా పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి, నిద్రపోతున్న పిల్లాడు లేవకుండా ఈయనకి ఒక్కడికే చెప్పండి అనండి. తేడా వెంటనే కనిపిస్తుంది.

ఎంపిక అయ్యాక సీన్లన్నీ వరసగా రాసి, ఒక్కోదానికి భయం ఎంతో పదికి మార్కులు వేసి ఆ కాగితం నటులకి ఇవ్వండి. షూటింగ్ వరసలో జరగదు కదా, పొద్దున క్లైమాక్స్ తీసి సాయంత్రం మొదటి సీను తీస్తే, రెండు మార్కుల చోట తొమ్మిది మార్కుల భయం వచ్చేస్తుంది.

నటుల్ని నిజంగా భయపెట్టి సీను తీద్దామని మాత్రం అనుకోకండి. మా మొదటి సినిమాకి చెప్పకుండా కరెంటు మెయిన్ ఆపేశాం, ఆ షాట్ బాగానే వచ్చింది, కానీ ఆ అమ్మాయి మర్నాటినుంచి ఏ చిన్న చప్పుడైనా ముందు మా ముఖాలు చూసేది, పాత్రలోకి వెళ్లలేకపోయింది. అది పూర్తిగా మా తప్పే. పిల్లలైతే అమ్మో నాన్నో పక్కన లేకుండా రాత్రి సీను అసలు పెట్టుకోవద్దు.

ఇద్దరి మధ్య తేల్చుకోలేకపోతే ఆ రాత్రి ఏమీ నిర్ణయించకండి. పొద్దున్నే ఆడిషన్ వీడియోలు సౌండ్ తీసేసి చూడండి. గ్లాసు ఎప్పుడు పడిందో ఎవరి కళ్లలో కనిపిస్తే వాళ్లకి ఫోన్ చెయ్యండి.