జెమ్‌లో (ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్‌లో) బిడ్ వేస్తున్నా ఆర్డరు రావడం లేదా? తేడా ఎక్కడుందో ఇలా పట్టుకోండి

సమస్య: టెక్నికల్ దశలోనే (కాగితాల పరిశీలనలోనే) తీసేశారు, ధర తెరవనే లేదు.

మా బీరువాల షెడ్డుకు మొదటి మూడు బిడ్లూ ఇలాగే పోయాయి. రేటు ఎక్కువేశామేమో అనుకుని ప్రతిసారీ లాభం కోసుకుంటూ పోయాం. మూడోసారి తిరస్కరణ కారణం నిదానంగా చదివితే అసలు సంగతి తెలిసింది. టర్నోవర్ సర్టిఫికెట్ మీద సీఏ సంతకం ఉంది, ముద్ర ఉంది, యూడిన్ నంబరు (సర్టిఫికెట్ అసలుదేనని ఆన్‌లైన్‌లో సరిచూసుకునేది) లేదు. 2019 నుంచి సీఏలు ఇచ్చే సర్టిఫికెట్లకు ఆ నంబరు తప్పనిసరి. మా రేటును వాళ్లు చూడనే లేదు.

పరిష్కారం: బిడ్ పత్రాన్ని ప్రింటు తీయండి. అడిగిన ప్రతి కాగితం పక్కన పెన్నుతో టిక్కు పెట్టుకోండి. కొనుగోలుదారు అదనంగా పెట్టే షరతులు వేరేగా ఉంటాయి, బోల్తా పడేది ఎక్కువగా అక్కడే. ఉద్యం (చిన్న సంస్థల నమోదు), పాన్, జీఎస్టీ మూడింట్లోనూ సంస్థ పేరు ఒకేలా ఉందా చూసుకోండి. తిరస్కరణ తప్పనిపిస్తే వెంటనే అభ్యంతరం పెట్టండి, దానికిచ్చే గడువు చాలా తక్కువ. బిడ్ వేశాక రోజూ లాగిన్ అవ్వాల్సిందే.

సమస్య: ఉద్యం ఉన్నా ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే ధరావతు) కట్టలేదని కొట్టేశారు.

కారణం: ఉద్యంలో మీరు ట్రేడర్‌గా నమోదై ఉండొచ్చు. 2012 నాటి కేంద్ర కొనుగోలు విధానం ఈఎండీ మినహాయింపు ఇచ్చింది సూక్ష్మ, చిన్న సంస్థల్లో సరుకు తయారుచేసేవారికి, సేవలందించేవారికి. కొని అమ్మేవారికి కాదు. నిజంగా తయారీ చేస్తుంటే ఉద్యం పోర్టల్‌లో వివరాలు సరిచేసుకోండి, రూపాయి ఖర్చు లేదు. ఇది కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థల మాట. రాష్ట్ర టెండరైతే అందులోని షరతులే చూడాలి.

సమస్య: కొద్ది తేడాలో రేటు దగ్గర పోయింది.

ఎల్1 (అన్నిటికంటే తక్కువ రేటు) పెద్ద సంస్థదై, మీ రేటు దానికంటే 15 శాతం లోపే ఎక్కువుంటే ఆశ వదలొద్దు. అది రూ.10,000, మీది రూ.11,400 అనుకోండి. ఎల్1 రేటుకు దిగి ఇస్తానంటే, విడదీయగల సరుకులో 25 శాతం దాకా చిన్న సంస్థలకు ఇవ్వాలి. బిడ్ వేసేటప్పుడే ఎంఎస్ఈ (సూక్ష్మ, చిన్న సంస్థల) ప్రాధాన్యం ఎంచుకోండి. దిగేముందు లారీ కిరాయి, దింపుడు కూలీ కలిపి లెక్కేసుకోండి.

సమస్య: సరుకు అందింది, డబ్బు రాలేదు.

చాలాసార్లు అవతల సరుకు స్వీకరించినట్టు ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ ఇచ్చి ఉండరు. చలాను మీద తేదీ, ముద్ర, సంతకం లేకుండా లారీని వెనక్కి తిప్పొద్దు. ఆ చలాను పట్టుకుని స్టోర్స్ అధికారిని కలవండి. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందం ఎలా ఉన్నా చెల్లింపుకు 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. తరువాతి ఆర్డరు పోతుందని భయపడి ఊరుకోకండి. ముందు ఈ నిబంధన చెబుతూ ఉత్తరం రాయండి, కదలకపోతే చిన్న సంస్థల బకాయి గొడవలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఫిర్యాదు వేయండి.