అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గొడవలా? సమస్య - పరిష్కారం

మూడేళ్లుగా మా అపార్ట్‌మెంట్ గ్రూపుకి నేనే అడ్మిన్‌ని. పొద్దున నీళ్ల ట్యాంకర్ దగ్గర మొదలైన మాట రాత్రికి ఎవరి పెంపకం ఎలాంటిదో తేల్చుకునే దాకా వెళ్లడం కళ్లారా చూశాను.

సమస్య: మామూలుగా రాసినా అవతలివాళ్లకి కోపం వస్తోంది

కారణం: ముఖం, గొంతు కనిపించవు. 'మీరే చెప్పాలి మరి' అని ఎదురుగా నవ్వుతూ అంటే చనువు, రాస్తే వెటకారం. దానికి తోడు 'నువ్వు' ఒకటి. తెలంగాణలో పెద్దవాళ్లనీ ఆప్యాయంగా 'నువ్వు' అనే ఇళ్లు చాలా ఉన్నాయి. గోదావరి వైపు నుంచి వచ్చినాయనకి అదే మాట అందరి ముందూ కనబడితే చురుక్కుమంటుంది. తప్పు ఇద్దరిదీ కాదు. ఇక ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టిన తెలుగు సంగతి సరేసరి: అది 'కద'నో 'కథ'నో 'కాదా'నో చదివేవాళ్ల మూడ్‌ని బట్టి ఉంటుంది. మనం మర్యాదగా 'మీటింగుకి రండి' అని అలా రాస్తే, హిందీవాళ్లకి ఆ 'రండి' పచ్చి బూతులా కనబడుతుంది. మా దగ్గర నిజంగానే అయింది.

పరిష్కారం: గ్రూపులో చిన్నా పెద్దా అందరికీ 'మీరు', 'గారు'. తెలుగు లిపిలోనే రాయండి. టైపింగ్ కష్టమైతే కీబోర్డులో మైకు నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుంది. పంపాక తేడాగా అనిపిస్తే 15 నిమిషాల లోపు ఎడిట్ చేయొచ్చు.

సమస్య: ఇద్దరి మధ్య మాట ఇరవై మంది తగాదా అయింది

కారణం: ఫ్లాట్ నంబరు వేసి అందరి ముందూ అడగడం. ఒకసారి మెయింటెనెన్స్ కట్టలేదని నేనే ఒకరి నంబరు పెట్టాను. ఆ ఇంటి పెద్దాయన అప్పటికి వారం నుంచి ఆస్పత్రిలో ఉన్నారట.

పరిష్కారం: డబ్బు, పార్కింగ్, పిల్లల అల్లరి - ఈ మూడూ ఫోన్లోనో, గుమ్మం దగ్గరో మాట్లాడుకునేవి. అప్పటికే గ్రూపులో అనేసి ఉంటే క్షమాపణ కూడా గ్రూపులోనే చెప్పాలి. నేను పర్సనల్‌గా సారీ చెప్పి చేతులు దులుపుకోబోయాను, మా ఆవిడ ఒప్పుకోలేదు.

సమస్య: అడిగినదానికి ఎవరూ జవాబివ్వరు

కారణం: 'హలో', 'ఎవరైనా ఉన్నారా', 'అర్జెంట్' అని మూడు మెసేజులు పెట్టి, అసలు విషయం నాలుగోదాంట్లో చెప్పడం.

పరిష్కారం: ఏమైంది, ఏ అంతస్తులో, ఎప్పటినుంచి - అన్నీ ఒక్క మెసేజులో. పని అయ్యాక 'అయిపోయింది' అని ఒక ముక్క పెడితే రెండోసారి కూడా పలుకుతారు.

సమస్య: పుకార్లు

కారణం: 'నాకొచ్చింది, పంపాను.' పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ ఇలా పంపిన మెసేజుల వల్ల 2018లో మన దేశంలో అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ తర్వాతే ఇక్కడ ఒకేసారి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది.

పరిష్కారం: మెసేజు మీద జంట బాణాలు కనబడితే అది చాలా చేతులు మారిందని అర్థం. అక్కడే ఆపేయండి. పంపినవాళ్లకి తప్పని చెప్పాలంటే విడిగా చెప్పండి.

సమస్య: జనం చడీచప్పుడు లేకుండా వెళ్లిపోతున్నారు

2022 నుంచి ఎవరైనా వెళ్లిపోతే అడ్మిన్లకి మాత్రమే నోటిఫికేషన్ వస్తుంది, కాబట్టి ఈ బాధ నాదే. కారణం పువ్వులూ శుభోదయాలూ. వాటికి మేం వేరే గ్రూపు పెట్టాం. పదకొండు మంది చేరారు, ఐదింటికే మోత మొదలు. అందులో నేను లేను.