ఇంట్లో పిల్లలకి పాతాళభైరవి చూపించాలంటే ఇలా చూపించండి

మన జానపద సినిమాల్లో ఒక్కటే పిల్లలకి చూపించమంటే నేను ఆలోచించకుండా పాతాళభైరవి అంటాను, 1951లో విజయా వాళ్ళు తీసింది, కేవీ రెడ్డి గారి డైరెక్షన్, పింగళి నాగేంద్రరావు గారి మాటలు పాటలు, ఘంటసాల గారి సంగీతం. చాలామంది ఇళ్ళల్లో ఏం జరుగుతుందంటే ఎంతో ఇష్టంగా పెడతారు, పావుగంటకి పిల్లలు ఫోన్ తీసేస్తారు, "ఈ కాలం పిల్లలకి ఇవి ఎక్కవులే" అని టీవీ కట్టేస్తారు. ఎక్కుతాయండి, బాగా ఎక్కుతాయి, పెట్టే పద్ధతిలోనే ఉంది అంతా.

ముందు ప్రింట్ చూసుకోండి. దీనికి తమిళం, హిందీ వెర్షన్లు ఉన్నాయి, పైగా 1985లో జితేంద్రతో హిందీలో మళ్ళీ తీశారు, కాబట్టి సెర్చ్ చేసినప్పుడు పేరు చూసి నొక్కేయకుండా తెలుగుదేనా, బ్లాక్ అండ్ వైట్ దేనా అని ఒక నిమిషం ప్లే చేసి చూడండి. అసలు సినిమా మూడు గంటల పైనే ఉంటుంది, రెండున్నర గంటల్లో అయిపోయేది దొరికితే పాటలో సీన్లో కోసేశారని అర్థం, అది వదిలేసి నిండు ప్రింట్ వెతకండి. విదేశాల్లో ఉండి పిల్లలకి తెలుగు అంతగా రాకపోతే సబ్ టైటిల్స్ ఉన్నది పెట్టండి, పక్కన కూర్చుని ప్రతి డైలాగూ అనువాదం చేయొద్దు, ఆ మాటల ఊపే పోతుంది, మరీ అర్థం కాకపోతే పాజ్ చేసి చెప్పండి.

తర్వాత టీవీ సెట్టింగ్స్. పాత సినిమా ఫ్రేమ్ దాదాపు చతురస్రంగా ఉంటుంది, మన టీవీలు దాన్ని అడ్డంగా సాగదీసి మనుషుల్ని లావుగా చూపిస్తాయి, పిక్చర్ సైజ్ లోకి వెళ్ళి 4:3 పెట్టండి, రెండు పక్కలా నల్లగా ఖాళీ ఉంటే ఉండనీయండి. మోషన్ స్మూతింగ్ అని కదలికల్ని నున్నగా చేసే సెట్టింగ్ లాంటిది ఆన్ లో ఉంటే ఆపేయండి, అది ఉంటే సినిమా సీరియల్ లా కనిపిస్తుంది. లైట్లు కూడా తీసేయండి, మార్కస్ బార్ట్లీ కెమెరా పనితనం అంతా వెలుగు నీడల్లోనే ఉంది, ట్యూబ్ లైట్ కింద చూస్తే మాంత్రికుడి గుహ ఉత్త బూడిద రంగు గోడలా ఉంటుంది.

ఒకే సిటింగ్ లో పూర్తి చేయాలని మాత్రం పట్టుపట్టొద్దు. నేనైతే మూడు ముక్కలు చేస్తాను. హీరో రాముడికి కోరింది ఇచ్చే పాతాళభైరవి ప్రతిమ చేతికొచ్చేదాకా ఒకటి, రాకుమారితో సహా మేడ మాయమైపోయేదాకా రెండోది, మిగతాది మూడోది. రెండో ముక్క దగ్గర ఆపితే పిల్లలు మీ ప్రాణం తీస్తారు తర్వాత ఏమైంది అని, అదే మనకి కావాల్సింది, మర్నాడు వాళ్ళే వచ్చి టీవీ పెట్టమంటారు.

మొదలుపెట్టే ముందు కథ మొత్తం చెప్పేయకండి, చిక్కు ఒక్కటి చెప్పండి చాలు. ఉజ్జయినిలో తోటమాలి కొడుకు రాముడు, అంటే మన ఎన్టీఆర్, రాజుగారి కూతురు ఇందుమతిని ప్రేమించాడు, కోటలోకి దూరి దొరికిపోయాడు, రాజు నాకున్నంత సంపద తెస్తే పిల్లనిస్తా అన్నాడు. ఇప్పుడు పేదింటి కుర్రాడు అంత డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఆ ప్రశ్న పిల్లల బుర్రలో పడిందంటే మొదటి పాటలు కాస్త నిదానంగా అనిపించినా కూర్చుంటారు. అల్లాద్దీన్ పేరు మాత్రం ముందే ఎత్తొద్దు, పోలిక వాళ్ళంతట వాళ్ళు కనిపెట్టి అరిస్తే ఆ ఆనందం వేరు. మాంత్రికుడు వీరుణ్ణి బలివ్వాలని చూడడం మన భేతాళ కథల్లో విక్రమార్కుడికి ఎదురైందే, అదీ ఉజ్జయినే, చూడ్డం అయ్యాక ఆ కథ చెబితే పిల్లలకి రెండూ కలిసి గుర్తుండిపోతాయి.

ఇక నేపాళ మాంత్రికుడు. ఈ సినిమాకి ప్రాణం ఆయనేనని నా అభిప్రాయం, ఎవరేమనుకున్నా సరే. ఎస్వీ రంగారావు గారికి అప్పటికి ముప్పై రెండేళ్ళే, ఆ గడ్డం ఆ కళ్ళు ఆ నవ్వు చూస్తే ఎవరైనా నమ్ముతారా? ఆయన తెరమీద ఉన్నంతసేపూ మీరు మాట్లాడకండి, ఫోన్ ఎత్తకండి, కాఫీ కోసం లేవకండి. పిల్లల్ని ఒకటి గమనించమనండి, ఆయన రాముడితో ఎంత ప్రేమగా మాట్లాడతాడో, అరిచే విలన్ కంటే ముద్దుచేసే విలన్ ఎంత భయమో. ఐదారేళ్ళ లోపు పిల్లలుంటే బలి ఘట్టానికి ముందే "రాముడికేం కాదు" అని చెవిలో చెప్పి పక్కన కూర్చోబెట్టుకోండి, ఆ సీన్ దాటించేయొద్దు, ఎందుకంటే మాంత్రికుడి ఎత్తు ఆయన మీదికే తిరగబడేది అక్కడే, అది చూడకపోతే తర్వాత ఆయన శిష్యుడు సదాజపుడు మళ్ళీ బతికించడంలో పస ఉండదు.

పాటలు ఫార్వర్డ్ చేయకండి. కలవరమాయే మదిలో చిన్నపిల్లలకి కొంచెం బోరే, ఆ టైంలో వాళ్ళని మంచినీళ్ళకి పంపి మీరు వినండి, ఘంటసాల గారు లీల గారు పాడింది మళ్ళీ మళ్ళీ వినాల్సిందే. రేలంగి గారి వినవే బాలా మాత్రం పిల్లలకి వదలండి, రాజుగారి బావమరిది వేషంలో ఆయనే పాడుకుని ఆయనే నవ్విస్తాడు. మధ్యలో ఒక నాట్యంలో సావిత్రి గారు కనిపిస్తారు, అప్పటికి ఇంకా పెద్ద వేషాలు రాని అమ్మాయి, ఎవరు ముందు గుర్తుపడతారో అని అమ్మమ్మకీ మనవళ్ళకీ పందెం పెట్టండి, అమ్మమ్మే గెలుస్తుంది.

మూడో ముక్కలో రాముడి స్నేహితుడు అంజి వేషం మార్చి మాంత్రికుడి గడ్డం తీయించే ఘట్టం ఉంది చూడండి, అక్కడ పాజ్ నొక్కి అడగండి, ఇంతటి మాంత్రికుడు ఎందుకు మోసపోయాడు అని. రకరకాల జవాబులు వస్తాయి, దిద్దకుండా వినండి. మాయాజాలం ఉన్న సీన్లు ఒకటి రెండు వెనక్కి తిప్పి, కంప్యూటర్ లేని రోజుల్లో ఇది ఎలా తీసుంటారో ఊహించమనండి. పదేళ్ళు దాటిన పిల్లలైతే ఫోన్ కెమెరాతో వాళ్ళే ఒక మనిషిని మాయం చేసి చూపిస్తారు, కెమెరా కదలకుండా ఆపి మనిషిని పక్కకి పంపి మళ్ళీ తీస్తే చాలు.

అది నచ్చితే తర్వాత ఏం పెట్టాలంటే, అదే కేవీ రెడ్డి గారిది 1961లో వచ్చిన జగదేకవీరుని కథ పెట్టండి, దాంట్లోనూ ఎన్టీఆరే, ఈసారి రాకుమారుడు.